ఆత్మహత్యాయత్నం నుంచి బయటపడిన మాజీ సైనికుడిని గ్రూప్ థెరపీకి పంపవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ నాన్నగారు సైన్యంలో హవల్దారుగా రిటైరై కొన్నేళ్లు బ్యాంకులో గార్డుగా పనిచేశారు. పోయిన నెల ఆత్మహత్యాయత్నం చేసి, సమయానికి ఆసుపత్రికి చేర్చడంతో బతికారు. ఇప్పుడు ఇంట్లో ఉండి మందులు వాడుతున్నారు. డాక్టరు గ్రూప్ థెరపీలో చేర్చమన్నారు. చావు గురించి ఆలోచించేవాళ్లందరినీ ఒకచోట కూర్చోబెడితే ఆ ఆలోచన ఇంకా ముదురుతుందేమోనని మీ భయం. ఊళ్లో తెలిస్తే ఎలా అని మీ అమ్మగారి భయం.

నేను క్లినికల్ సైకాలజిస్టును. సికింద్రాబాదులో మాజీ సైనికులతో ఇలాంటి గ్రూపులే నడుపుతుంటాను.

పంపండి. అయితే అంతకన్నా ముందు మూడు పనులు జరగాలి. సైకియాట్రిస్టో సైకాలజిస్టో ఆయనతో ఒంటరిగా కూర్చుని, ప్రస్తుతం ప్రమాదం ఎంత ఉందో అంచనా వేయాలి. ఆలోచన మళ్లీ వస్తే వరుసగా ఏం చేయాలో ఆయన చేతిరాతతోనే కాగితం మీద ఉండాలి. మందులు, డాక్టరు దగ్గరకు విడిగా వెళ్లడం ఆగకూడదు. ఈ మూడూ లేకుండా గ్రూపులో కూర్చోబెట్టేవాళ్లు ఎవరైనా ఉంటే అక్కడికి పంపకండి. గ్రూపు చికిత్సలో ఒక భాగం మాత్రమే, అదే మొత్తం చికిత్స కాదు.

ముందు మీ భయం సంగతి. ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగా అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది అనుకుంటారు. అలా జరగదని చాలా అధ్యయనాల్లో తేలింది. అడిగినప్పుడు మనిషికి ఎక్కువగా కలిగేది ఊరటే. అయితే మీ భయంలో ఒక నిజం ఉంది. ఎలా చేసుకున్నారు, ఎక్కడ, దేనితో అన్న వివరాలు ఒకరి నుంచి ఒకరికి పాకుతాయి. అందుకే మా గ్రూపులో మొదటి నియమం: ఎందుకు అనిపించిందో ఎంతసేపైనా చెప్పవచ్చు, ఎలా చేశారో చెప్పకూడదు. ఎవరైనా అటు వెళ్లబోతే మాట మధ్యలోనే ఆపుతాను. ఫౌజీలకు మాట మధ్యలో ఆపడం కొత్త కాదు, కోపం తెచ్చుకోరు. ఈ నియమం లేని గ్రూపు గురించైతే మీ భయం న్యాయమైనదే.

గ్రూప్ థెరపీని పట్నంవాళ్ల కొత్త మోజు అనుకునే పెద్దలకు నేను చెప్పే సంగతి ఒకటుంది. ఈ పద్ధతి వేళ్లూనుకున్నది సైనికుల మధ్యనే. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ దగ్గర నార్త్‌ఫీల్డ్ సైనిక ఆసుపత్రిలో విల్‌ఫ్రెడ్ బయాన్ అనే డాక్టరు, మనసు దెబ్బతిన్న సైనికులను పడకల మీద ఉంచకుండా జట్లుగా చేసి, తమ సమస్యను తామే చర్చించుకోమన్నాడు. స్వయంగా మొదటి ప్రపంచ యుద్ధంలో ట్యాంకు దళంలో పనిచేసినవాడాయన. వారాల్లోనే ఆ ప్రయోగాన్ని ఆపేశారు కానీ, తరవాత అక్కడికే వచ్చిన ఫూక్స్ అనే డాక్టరు వంటివారు దాన్ని ముందుకు తీసుకెళ్లారు. 1970లో న్యూయార్క్‌లో వియత్నాం నుంచి తిరిగివచ్చిన సైనికులు ప్రభుత్వ ఆసుపత్రుల మీద నమ్మకం లేక తామే గుమిగూడి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. రాబర్ట్ లిఫ్టన్, చైమ్ షాటాన్ అనే ఇద్దరు సైకియాట్రిస్టులు వాళ్ల దగ్గరకే వెళ్లి కూర్చున్నారు. 1979లో అమెరికా ప్రభుత్వం మాజీ సైనికులకు కౌన్సెలింగ్ ఇచ్చే వెట్ సెంటర్లు తెరవడానికి, 1980లో పీటీఎస్‌డీ (ఘోరమైన అనుభవం తరవాత మనసులో మిగిలే గాయం) ఒక జబ్బుగా వైద్యుల పుస్తకంలోకి ఎక్కడానికి ఆ కూటములు కూడా దారి వేశాయి. మీ నాన్నగారు ఒప్పుకోకపోతే ఈ కథ చెప్పి చూడండి. డాక్టర్లు చెబితే రానివాళ్లు ‘ఇది సిపాయిలు మొదలుపెట్టింది’ అంటే వస్తారు.

ఇక అసలు ప్రశ్న: గ్రూపు ఎందుకు పనిచేస్తుంది? ‘బాధ పంచుకుంటే తగ్గుతుంది’ అన్న జవాబు నాకు సరిపోదు. బాధ పంచుకోవడానికి ఒక్క మనిషి చాలు.

అమెరికన్ సైకాలజిస్టు థామస్ జాయినర్ 2005లో ఒక వివరణ ఇచ్చారు. నేను చూసినవాళ్ల విషయంలో అది చాలావరకు సరిపోయింది. తనకంటూ ఎవరూ లేరన్న భావన, తాను ఇంటికి భారమన్న భావన, ఈ రెండూ కలిసినప్పుడు చావాలన్న కోరిక పుడుతుంది. కోరిక ఉన్నా చావంటే, నొప్పంటే ఉండే సహజమైన భయం చాలామందిని ఆపుతుంది. సైనికుడికి ఆ భయాన్ని అణచుకోవడం నేర్పేదే శిక్షణ. కాబట్టి మొదటి రెండూ వచ్చినప్పుడు మామూలు మనిషికి ఉన్న అడ్డు అతనికి పలచగా ఉంటుంది. ఆ మూడోదాన్ని, అంటే శిక్షణలో అణగిపోయిన భయాన్ని, మనం వెనక్కి తీసుకురాలేం. మొదటి రెండింటి మీదే పనిచేయాలి.

మన జవాన్ల బతుకు చూడండి. పద్దెనిమిది, ఇరవై ఏళ్ల వయసులో చేరతారు, నలభై అటూ ఇటూగా బయటికి వస్తారు. పల్టన్‌లో పొద్దున లేచింది మొదలు ఎవరో ఒకరు పక్కన ఉంటారు. బడ్డీ ఉంటాడు, లంగర్ (అందరూ కలిసి తినే భోజనశాల) ఉంటుంది, తిట్టడానికి సుబేదార్ సాబ్ ఉంటాడు. ఇంటికి వచ్చేసరికి భార్య ఆయన లేకుండానే సంసారం నడపడానికి అలవాటు పడి ఉంటుంది, పిల్లలకు ఆయన సెలవుల్లో వచ్చే చుట్టం. ఆ మీద పెన్షన్, ఇంటి అప్పు, కూతురి పెళ్లి. చివరికి ఏదో ఒక రాత్రి లెక్క వేయడం మొదలవుతుంది: నేను పోతే ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది, ఇన్సూరెన్సు వస్తుంది, నా మందుల ఖర్చు తప్పుతుంది. ఈ లెక్క నేను ఎంతమంది నోట విన్నానో చెప్పలేను. తనకు బతకాలని లేదని ఒప్పుకోవడానికి సిగ్గుపడే మనిషి, ఇంటికోసం పోతున్నానని తనకు తాను చెప్పుకుంటాడు.

నేను ఆ లెక్క తప్పని చెబితే పనిచేయదు. నేను డాక్టరు లాంటివాడిని, అలా చెప్పడమే నా ఉద్యోగం అనుకుంటారు. భార్యాపిల్లలు చెప్పినా అంతే, ప్రేమకొద్దీ అంటున్నారనుకుంటారు. అదే లెక్క ఒకప్పుడు తానూ వేసుకున్న మనిషి ఎదురుగా కూర్చుని, ‘నాయక్ సాబ్, నేనూ ఇదే లెక్క కాగితం మీద వేశాను. నేను బతికి ఇంటికొచ్చాక మా వాడు స్కూలు మానేశాడు, ఆ సంగతి నా లెక్కలో లేదు’ అంటే గది అంతా నిశ్శబ్దమవుతుంది. ఆ మాట నేను అనలేను. గ్రూపు అనగలదు.

దీనికంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. గ్రూపులో మీ నాన్నగారు సాయం పొందే మనిషి మాత్రమే కాదు, చేసే మనిషి కూడా. విడిగా నా దగ్గరకు వచ్చినంతకాలం ఆయన పేషంటే, అంటే మళ్లీ ఒకరికి భారమే. గ్రూపులో ఎవరో ఒక కుర్రాడు రాత్రి నిద్రపట్టక పది గంటలకు ఫోను చేస్తాడు, ఈయన ఎత్తి మాట్లాడతాడు. భారం అన్న భావన మాటలతో పోదు, ఇలాంటి పనితోనే కొంచెం కొంచెంగా అరుగుతుంది.

ఒక ఉదాహరణ చెబుతాను, గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను. ప్రకాశం జిల్లా నుంచి వచ్చిన ఒకాయన చాలా వారాలు నోరు విప్పలేదు. గోడవైపు కుర్చీ లాక్కుని కూర్చునేవాడు. మా దగ్గర హాజరు పుస్తకం ఉంటుంది. రానివాళ్లకు అదే రోజు సాయంత్రం ఫోను వెళుతుంది. ఒకసారి ఆ పని చూసే మనిషి ఊరికి వెళుతూ పుస్తకాన్ని ఈయన చేతిలో పెట్టాడు. ఆ వారం ఇద్దరు రాలేదు. సాయంత్రం కాక ముందే ఇద్దరికీ ఫోన్లు చేసి, ఎవరు ఎందుకు రాలేదో వాళ్ల భార్యల దగ్గర కూడా కనుక్కుని, తారీఖుతో సహా రాసి నాకు చూపించాడు. ఆయన ఆ గ్రూపులో మాట్లాడటం ఆ పుస్తకంతోనే మొదలైంది. తన కథ చెప్పడానికి ఇంకా చాలాకాలం పట్టింది, నేను తొందరపెట్టలేదు.

సెషన్ ఎలా ఉంటుందో కూడా చెప్పాలి, ఎందుకంటే సినిమాల్లో చూపించేలా గుండ్రంగా కూర్చుని ఏడవడం అనుకుంటారు. మా దగ్గర ఆరుగురి నుంచి ఎనిమిదిమంది, వారానికి ఒకసారి, గంటన్నర. నాతోపాటు శిక్షణ పొందిన మాజీ సైనికుడు ఒకరు నడుపుతారు. మొదట ప్రతి ఒక్కరూ ఈ వారం ఆలోచన వచ్చిందా, ఎంత గట్టిగా వచ్చింది, ఏం చేశారు అన్నది రెండు ముక్కల్లో చెబుతారు. తరవాత ఒక నైపుణ్యం నేర్చుకుంటాం: కోపం వచ్చినప్పుడు పది నిమిషాలు ఎలా గడపాలి, రాత్రి మెలకువ వస్తే ఏం చేయాలి, అన్నదమ్ముడిని సాయం ఎలా అడగాలి. చివర్లో అందరూ తమ తమ కాగితాలు తీసి చూసుకుంటారు.

ఆ కాగితం గురించి. సేఫ్టీ ప్లాన్ అంటారు. బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు దీనికొక రూపం ఇచ్చారు. నాకు ప్రమాదం ముంచుకొస్తోందని తెలిపే గుర్తులేమిటి, నా అంతట నేను చేయగలిగిందేమిటి, మనసు మళ్లడానికి ఎక్కడికి వెళతాను, ఎవరిని సాయం అడుగుతాను, ఏ డాక్టరుకు ఫోను చేస్తాను, ప్రమాదకరమైన వస్తువులను ఇంట్లోంచి ఎలా తీసేస్తాను: ఈ వరుసలో ఉంటుంది. అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల ఎమర్జెన్సీ విభాగాలకు వచ్చినవారిలో ఈ కాగితం రాయించి తరవాత ఫోన్లు చేస్తూ ఉన్నవారికి, మామూలు చికిత్స పొందినవారితో పోలిస్తే ఆరు నెలల్లో ఆత్మహత్యా ప్రవర్తన దాదాపు 45 శాతం తక్కువగా కనిపించిందని 2018లో ప్రచురించారు. ఈ కాగితాన్ని గ్రూపులో కూర్చుని పదే పదే సరిదిద్దుకునే పద్ధతిని న్యూయార్క్ బ్రాంక్స్‌లోని మాజీ సైనికుల ఆసుపత్రిలో మరియన్ గుడ్‌మన్ బృందం ‘ప్రాజెక్ట్ లైఫ్ ఫోర్స్’ పేరుతో రూపొందించింది. నేను చేసేది దానికి దగ్గరగా ఉంటుంది, మనవాళ్లకు తగినట్టు మార్చుకున్నాను. ఒంటరిగా రాసిన కాగితంలో ‘తమ్ముడికి ఫోను చేస్తాను’ అని ఉంటుంది. గ్రూపులో చదివితే పక్కవాడు వెంటనే అడుగుతాడు: ‘పొలం గొడవ తరవాత తమ్ముడితో మాటలు లేవన్నావుగా?’ అప్పుడు ఆ పేరు కొట్టేసి, నిజంగా ఫోను ఎత్తే మనిషి పేరు రాస్తాం.

ఫోన్ల గురించి ఒక్క మాట. శాన్‌ఫ్రాన్సిస్కోలో జెరోమ్ మోటో అనే సైకియాట్రిస్టు, ఆసుపత్రి నుంచి వెళ్లాక చికిత్స కొనసాగించని 843 మందిని రెండు భాగాలు చేసి, ఒక భాగానికి ఐదేళ్లపాటు అప్పుడప్పుడు చిన్న ఉత్తరాలు రాయించారు. ‘ఎలా ఉన్నారో తెలుసుకోవాలనిపించింది’ అన్నంత మాత్రమే, ఏమీ అడగని ఉత్తరాలు. ముఖ్యంగా మొదటి రెండేళ్లలో ఆ భాగంలో ఆత్మహత్యలు తక్కువగా జరిగాయి. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుడిగా ఉన్నప్పుడు తనకు వచ్చిన ఉత్తరాలే ఆయనకు ఆ ఆలోచన ఇచ్చాయట. మా హాజరు పుస్తకం, సాయంత్రం ఫోను వెనుక ఉన్నది ఆయనే.

ఇప్పుడు హెచ్చరికలు. వీటిని దాటవేయకండి.

గ్రూపులు చావులను ఆపుతాయని గట్టిగా రుజువైందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆత్మహత్య మరణాలు సంఖ్యలో తక్కువ కాబట్టి అంత తేల్చి చెప్పడానికి చాలా పెద్ద అధ్యయనాలు కావాలి. నిరాశ, ఒంటరితనం తగ్గడం, చికిత్సలో నిలబడటం వరకే నేను ధైర్యంగా చెప్పగలను.

అందరూ గ్రూపుకు తగరు. ఇప్పుడే, ఈ వారమే చేసుకోవాలన్న నిశ్చయంతో ఉన్నవారికి కావలసింది ఆసుపత్రి. చెవుల్లో మాటలు వినిపిస్తున్నవారు, మతిమరుపు బాగా ముదిరినవారు, తాగి వచ్చేవారు కూడా కుదరరు. మనవాళ్లలో మద్యం పెద్ద సమస్య. క్యాంటీన్ కోటా చేతికందుతుంది, నిద్రకోసం మొదలవుతుంది. తాగుడు ఉన్నవారికి ముందు దానికి చికిత్స, లేదా రెండూ కలిపి చేయిస్తాం. తాగి వచ్చిన రోజు కూర్చోనివ్వం, అలాగని ఒంటరిగా ఇంటికీ పంపం.

ర్యాంకు గొడవ ఒకటి. సుబేదార్ ఉన్న గదిలో సిపాయి నోరు విప్పడు. రిటైరై పదేళ్లయినా ‘సాబ్’ అంటూ లేచి నిలబడతాడు. జేసీవోలు (సుబేదార్ స్థాయివాళ్లు), జవాన్లు కలిసి కూర్చోగలరు కానీ అందుకు నడిపేవాళ్ల దగ్గర నేర్పు ఉండాలి. ఆఫీసర్లను మాత్రం విడిగా కూర్చోబెడతాను. దీని మీద నాతో వాదించే సహోద్యోగులు ఉన్నారు, వాదించనివ్వండి. వయసు కూడా చూడాలి. 2022లో మొదలైన అగ్నిపథ్ కింద చేరినవాళ్లలో ఎక్కువమంది నాలుగేళ్లకే బయటికి వస్తారు. పాతికేళ్లు నిండని ఆ పిల్లలను యాభై ఏళ్ల వాళ్ల మధ్య కూర్చోబెడితే ఉపన్యాసాలు వినాల్సి వస్తుంది. వాళ్లకు వేరే గ్రూపులు కావాలి.

గ్రూపులో ఒకరు పోతే? జరగదని చెప్పలేను. అలాంటప్పుడు వార్త వాట్సాప్‌లో కాకుండా మేమే ఒక్కొక్కరికీ ఫోను చేసి చెబుతాం, ఆ రెండు రోజుల్లోనే అందరినీ కలుస్తాం, ప్రతి ఒక్కరి ప్రమాదాన్నీ విడిగా మళ్లీ అంచనా వేస్తాం. చేర్చే ముందు ఈ ప్రశ్న వాళ్లను అడగండి: ‘ఒకరికి ఏమైనా అయితే మిగతావారిని ఎలా చూసుకుంటారు?’ జవాబు తడబడితే వేరేచోట చూడండి. నడిపే సైకాలజిస్టుకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందా అనీ, వారం మధ్యలో అత్యవసరమైతే ఎవరికి ఫోను చేయాలనీ కూడా అడగండి.

మీరు ఈరోజే చేయాల్సింది ఒకటుంది. బ్యాంకు గార్డు అన్నారు కాబట్టి ఇంట్లో లైసెన్సు తుపాకీ ఉందేమో చూడండి. ఉంటే పోలీస్ స్టేషన్లో గానీ లైసెన్సున్న ఆయుధాల డీలరు దగ్గర గానీ జమచేసి రసీదు తీసుకోండి. వీలైతే ఆయననే ఒప్పించి ఆయన చేతే జమ చేయించండి. పొలం ఉంటే పురుగుమందులు ఇంట్లో ఉండకూడదు. ఆయన మాత్రలు వారానికి సరిపడా మాత్రమే ఇంట్లో ఉంచి, మీ అమ్మగారి దగ్గర పెట్టండి. ‘చేసుకోవాలనుకున్నవాడు ఎలాగైనా చేసుకుంటాడు’ అంటారు చుట్టాలు. తప్పు. శ్రీలంక అత్యంత విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించుకుంటూ వచ్చింది, 1995 తరవాత రెండు దశాబ్దాల్లో అక్కడ ఆత్మహత్యల రేటు దాదాపు 70 శాతం తగ్గింది. ఆ తీవ్రమైన క్షణం చాలామందిలో కొద్దిసేపే ఉంటుంది, అప్పుడు చేతికి ఏమీ అందకుండా ఉండటమే కావాలి. ఆత్మహత్యాయత్నం నుంచి బయటపడినవారిలో పదిమందికి తొమ్మిదిమంది తరవాత ఆత్మహత్యతో చనిపోరు. ఈ సంగతి అమ్మగారికి చెప్పండి. అయితే ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటి వారాలు, మొదటి మూడు నెలలు అన్నిటికన్నా ప్రమాదకరమైనవి. మీరిప్పుడు సరిగ్గా ఆ కాలంలోనే ఉన్నారు, ఒంటరిగా వదలకండి.

పరువు, పోలీసు కేసు సంగతి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. అతనికి చికిత్స, పునరావాసం అందించడం ప్రభుత్వ బాధ్యత. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309 సెక్షన్ 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లేదు. చికిత్స రికార్డును ఆయన అనుమతి లేకుండా బయటపెట్టకూడదని కూడా అదే 2017 చట్టం చెబుతుంది. గ్రూపులో విన్నది బయట చెప్పకూడదన్నది మా దగ్గర మొదటి రోజు అందరూ సంతకం పెట్టే మాట. ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు మాత్రమే దానికి మినహాయింపు, ఆ సంగతి కూడా ముందే చెబుతాం.

ఎక్కడ దొరుకుతుంది? మాజీ సైనికుల కోసమే నడిచే ఇలాంటి గ్రూపులు మన రెండు రాష్ట్రాల్లో చాలా తక్కువ. ఆయనకు ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల ఆరోగ్య పథకం) కార్డు ఉంటే ఆ పథకం పాలీక్లినిక్ నుంచి సైకియాట్రీకి రిఫరల్ అడగండి. లేదంటే హైదరాబాదు ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థలోనో, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రిలోనో విచారించండి. సైనికులు కాని గ్రూపైనా బాగా నడిచేదైతే ఫరవాలేదు, అక్కడ ఇంకొక్క ఫౌజీ ఉంటే మరీ మంచిది. మాజీ సైనికుల సంఘంలో పెన్షన్ కబుర్లు చెప్పుకోవడం మంచిదే కానీ అది చికిత్స కాదు. ఈలోగా అవసరమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఆ క్షణంలోనే ప్రమాదం ఉందనిపిస్తే 112కు ఫోను చేయండి, లేదా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. ఇది చదివేవారిలో అమెరికా సైన్యంలో పనిచేసిన బిడ్డలున్న తెలుగు కుటుంబాలు ఉంటే, అక్కడి నంబరు 988, ఎత్తగానే 1 నొక్కాలి.

చివరిగా, ‘ఇంటికి వచ్చాక లోపల ఏం మాట్లాడారని అడగవచ్చా?’ అన్నారు. అడగకండి. ఆయనంతట ఆయన చెబితే వినండి, సలహా ఇవ్వకండి. మొదటి ఒకటి రెండు వారాలు ‘నాకు అవసరం లేదు, అక్కడ అందరూ పిచ్చివాళ్లే’ అంటారు, దాదాపు అందరూ అంటారు. వాదించకుండా ‘నాలుగు వారాలు చూడండి నాన్నా, తరవాత మీ ఇష్టం’ అనండి. ఆ నాలుగు వారాలూ మీరే తీసుకెళ్లి తీసుకురండి. ఐదోవారం కూడా వద్దంటే బలవంతం చేయకుండా ఆయన డాక్టరుకు చెప్పండి, విడిగా చేసే చికిత్సతోనే ముందుకు వెళతారు. గ్రూపు కుదరనివాళ్లు ఉంటారు, వాళ్లకూ దారులున్నాయి.